సొంతదారు వచ్చి తీసుకోవలసిందిగా

ఉదయం టీ కావలసి వచ్చినప్పుడు ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని, తెర మీద పేర్చి ఉన్న మాటల్లోంచి కొన్నిటిని ఏరి నొక్కేవాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. టీ. ఆలస్యంగా నడుస్తోంది."

పెద్ద హాలుకి సరిపడేలా సాన పట్టిన గొంతు అది. ముందుగదిలోంచి బయల్దేరి వంటింటి గోడకి తగిలి తిరిగొచ్చేది.

"ఆలస్యమేం లేదు, పాలు ఇప్పుడే పొంగాయి," అనేది భార్య లోపల్నించి. "ప్లాట్‌ఫారం మీదే ఉండండి. వస్తోంది."

బస్‌స్టేషన్‌లో ప్రకటనలు చదివి రిటైరైన మనిషి ఆయన. ఊరంతటికీ మైకాయన. అసలు పేరు పింఛను కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. రిటైరయ్యాక కొంతకాలానికి గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు గడ్డతోపాటు స్వరపేటికనీ తీసేశారు. మెడ కింద ఊపిరి కోసం చిన్న రంధ్రం, దాని మీద పల్చటి తెల్లగుడ్డ మిగిలాయి. ప్రాణం దక్కింది కదా అని చూడవచ్చిన వాళ్లందరూ అన్నారు. ఆయన తలూపాడు. దక్కిన ప్రాణం ఎవరిదో అనే అనుమానం ఆయనకుండేది, కానీ అడగడానికి గొంతు లేదు.

గొంతు కూతురు చేసి పెట్టింది. ఫోన్లలోకి దొంగ యాప్‌లు చొరబడకుండా కాపలా ప్రోగ్రాములు రాసే కంపెనీలో ఆమె ఉద్యోగం. సెలవు పెట్టి ఇంటికొచ్చి, స్టేషన్ వాళ్లు పారేయబోతున్న క్యాసెట్ల పెట్టె అడిగి తెచ్చుకుంది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తండ్రి పాత ప్రకటనల్లోంచి ఒక్కో మాటా విడదీసి, వాటినన్నిటినీ ఒక యాప్‌గా కుట్టింది. మాట మీద వేలు పెడితే చాలు, ఆయన గొంతే పలుకుతుంది.

అయితే ఆయన ఉద్యోగంలో పలికిన మాటలే అందులో ఉంటాయి. పలకనివి ఎక్కడినుంచి తెస్తారు? కోపం లేదు. ఆకలి లేదు. భార్యని పిలవడానికి ఏ మాటా లేదు. తప్పిపోయిన వాళ్ల ప్రకటనల్లోంచి దొరికిన 'పెద్దావిడ' ఒక్కటే గతి అయింది.

"పెద్దావిడేంటండీ? నేనెక్కడ తప్పిపోయాను? పెళ్లయినప్పట్నుంచీ ఈ పొయ్యి దగ్గరే ఉన్నాను కదా."

"ఆలస్యానికి చింతిస్తున్నాం," అనేవాడు ఆయన. క్షమాపణకి అంతకుమించిన మాట అందులో లేదు. అది విని ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయేది. గొంతు ఉన్నరోజుల్లో ఆయన ఆవిడకి ఒక్కసారీ క్షమాపణ చెప్పినవాడు కాదు.

కూతురు 'చిన్నారి' అయింది. పసుపు గౌను వేసుకున్న చిన్నారి ఎవరో, ఏ ఏడాది తప్పిపోయిందో ఆయనకి జ్ఞాపకం లేదు. ఆ పిల్ల కోసం మైకులో పలికిన మాటలోని ఆదుర్దా మాత్రం అలాగే ఉండిపోయి, ఇప్పుడు సొంత కూతుర్ని పిలవడానికి పనికొస్తోంది.

తన గొంతు తానే వింటూ కూర్చోవడం మొదట్లో వింతగా ఉండేది. ఫోన్‌లోంచి వచ్చే గొంతు మధ్యవయసు వాడిది, అనుమానం ఎరుగనివాడిది. వింటున్నవాడు ముసలివాడు. వీళ్లిద్దరికీ తెలియకుండా లోపల ఇంకొకడు ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంటాడు, వాడికి గొంతే అక్కర్లేదు. ముగ్గురిలో తను ఎవరన్నది ఆయన తేల్చుకోలేకపోయేవాడు. ఆ మధ్యవయసు వాడు పలకగానే వెన్ను దానంతటది నిటారయ్యేది. అంతవరకు తెలుసు.

యాప్‌ని మొదటిసారి ఫోన్‌లోకి దించినప్పుడు తెర మీద ఎర్రటి గుర్తుతో హెచ్చరిక వచ్చింది. 'ఈ యాప్‌ని తయారుచేసింది ఎవరో తెలియదు. మీ ఫోన్‌కి హాని జరగవచ్చు.' కింద రెండు బొత్తాలు. ఒకటి 'రద్దు', రెండోది 'అయినా పర్వాలేదు'.

ఎవరో తెలియదట. ఆయన కూతురి వైపు చూసి, భుజాలు కదిలేలా నిశ్శబ్దంగా నవ్వాడు.

"నవ్వకు నాన్నా. ఆ వాక్యం రాసింది మా సెక్షనే," అంది కూతురు. "ఫోన్ సొంత స్టోర్‌లోంచి కాకుండా బయట్నుంచి ఏది వచ్చినా అలాగే అంటుంది. నువ్వు రెండోది నొక్కేయ్."

ఆయన నొక్కాడు. ఆమె యాప్‌ని బాగుచేసి కొత్తది పంపిన ప్రతిసారీ అదే హెచ్చరిక వచ్చేది, ప్రతిసారీ నొక్కేవాడు. కొన్నాళ్లకి చదవడం మానేశాడు. వేలే వెళ్లి నొక్కి వచ్చేది.

*

ఉద్యోగంలో ఆయనకి ఒక పట్టుదల ఉండేది. ప్రకటనల గదిలో బల్ల మీద నల్లటి ఫోన్. డిపో నుంచో, దారిలో చెడిపోయిన బస్సు దగ్గర్నుంచో కబురు వచ్చేది. విని పెట్టేసేవాడు, మైకు ముట్టుకునేవాడు కాదు. ఆ కబురు వచ్చిన చోటికి తనే తిరిగి ఫోన్ చేసి, చెప్పిన మనిషి చేత మళ్లీ చెప్పించుకున్నాకే మైకు బొత్తం నొక్కేవాడు.

"ఒకసారి చెబితే తలకెక్కదా మైకాయనా?" అని డిపోవాళ్లు విసుక్కునేవారు.

"ఎక్కింది. చెప్పింది నువ్వేనా అన్నదే ఎక్కాలి," అనేవాడు.

ఆకతాయిలెవరో ఫోన్ చేసి బస్సులన్నీ రద్దయ్యాయని చెప్పిన సందర్భాలున్నాయి. ఏ ఒక్కటీ ఆయన గొంతు దాటి హాలులోకి రాలేదు. హాలులో కూర్చున్న జనం సగం నిద్రలో ఉండి కూడా ఆయన మాట వినగానే సంచులు భుజాన వేసుకుని లేచేవారు, గడియారం చూసుకోకుండా. గొంతు బాగుంటుందని అందరూ పొగిడేవారు. ఆయన పైకి నవ్వి ఊరుకున్నా, లోపల వేరే లెక్క ఉండేది. గొంతు పుట్టుకతో వచ్చింది, అందులో తన గొప్పేముంది. ఆ గొంతుతో అబద్ధం బయటికి పోనివ్వకపోవడం మాత్రం తన గొప్పే.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం పాత డ్రైవరొకాయన నంబరు నుంచి కబురు వచ్చింది. 'మన పాత స్టేషన్ ఫొటోలు. చూడాలంటే ఇది దించుకోండి.' పాత స్టేషన్ అన్న మాట చాలింది. ఎర్రటి గుర్తు వచ్చింది. వేలు తన దారిన తాను వెళ్లి 'అయినా పర్వాలేదు' నొక్కి వచ్చింది.

ఫొటోలేవీ రాలేదు. ఆ యాప్ ఆయన ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ, ఆయన పేరు మీద, అదే కబురు పంపింది.

సాయంత్రం కల్లా ల్యాండ్‌లైన్ ఆగకుండా మోగింది. భార్యే ఎత్తుతూ వచ్చింది. తోడల్లుడు, వీధి చివరి మెకానిక్, ఆయనకి ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నర్సు. వాళ్ల ఫోన్లూ పాడయ్యాయి. తిట్టినవాళ్లు తక్కువ. అందరూ ఇంచుమించు ఒకే మాట అన్నారు, ఆవిడ ఆ మాటని దాచకుండా ఆయనకి చేరవేసింది.

"మైకాయన పంపాడంటే నిజమే అనుకుని నొక్కేశాం అంటున్నారండీ."

తిట్టినా బాగుండేది అనిపించింది ఆయనకి. ఇన్నేళ్లూ కాపాడుకున్నదేదో అదే ఆ దొంగకి తాళంచెవిలా పనికొచ్చింది.

*

కూతురు మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఫోన్‌ని మొత్తం తుడిచి శుభ్రం చేసి, గొంతు యాప్‌ని మళ్లీ దించి, ఇంకొక పని కూడా చేసింది. ఇకమీదట బయట్నుంచి ఏ యాప్ దించాలన్నా ఒక కోడ్ కొట్టాలి. ఆ కోడ్ ఆమెకే తెలుసు.

"నీ మంచికే నాన్నా. నీ యాప్‌కి ఏం కాదు, ఎప్పట్లాగే ఉంటుంది. కొత్తవి రావు, అంతే. ఏదైనా కావాలంటే నాకు చెప్పు, నేనొచ్చి తీస్తాను."

ఆయన ఫోన్ వైపు చూశాడు. ఆమె మాటల్లో తప్పేమీ వెతకలేకపోయాడు. జ్వరం వచ్చిన పిల్లాడికి తలుపు గడియపెట్టి, బయట ఎండగా ఉందని చెప్పే తల్లి గొంతు అది. ఒకప్పుడు తను అదే గొంతుతో ఆమెకి సైకిలు వద్దన్నాడు. ఇప్పుడు తన గొంతు ఉన్న ఇంటికి ఆమె తాళం వేసింది, తాళంచెవి ఆమె సంచిలో ఉంది.

"మీ ఆఫీసులో అందరి ఫోన్లకీ ఇదే చేస్తారా?" అని తల్లి అడిగింది.

"అదే తేలట్లేదమ్మా. తలుపు మూసేసి తాళంచెవి మనమే పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు అంటారు సగం మంది. ఫోన్ కొన్నవాడిది, ఏం దించుకోవాలో వాడిష్టం అంటారు మిగతావాళ్లు. నేను ఇన్నాళ్లూ ఎటూ చెప్పలేదు." తండ్రి వైపు చూడకుండా ఆగి, "ఇది జరిగాక మూసేయడమే మేలని చెప్పాను," అంది.

ఆయన ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజునుంచి టీ ప్రకటన ఆగిపోయింది. భార్య తనే గ్లాసు తెచ్చి పక్కన పెట్టేది. కాసేపు నిలబడి చూసేది.

"పెద్దావిడ వచ్చిందండీ. తప్పిపోలేదు."

ఆయన నవ్వేవాడు, ఫోన్ ముట్టుకునేవాడు కాదు. అలిగానా అని తనని తానే ప్రశ్నించుకున్నాడు. అలకే. అయితే దాని అడుగున ఇంకేదో గట్టిగా తగులుతోంది. ఒకరి దయ మీద మాట్లాడే గొంతు ఎంత తీయనిదైనా అరువు గొంతే. అరువు గొంతుతో మాట్లాడటం కన్నా మాట్లాడకపోవడంలో తను ఎక్కువగా తనలాగే ఉంటున్నాడు. ఇది అహంకారం కాదా అని లోపలివాడు అడిగాడు. కావచ్చు అని ఆయనే జవాబిచ్చుకున్నాడు.

*

స్టేషన్ సూపర్‌వైజరు ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు ప్రకటనల గదిలో ఆయన పక్క స్టూలు మీద కూర్చుని పని నేర్చుకున్నవాడు.

"గురువుగారూ, హాలు మూసేస్తున్నారు. వచ్చే ఆదివారం ఆఖరు. కొత్త స్టేషన్లో మనుషులు చదవరట, మిషనే చదువుతుందట. ఆఖరి ప్రకటన మీ గొంతులోనే రావాలని కుర్రాళ్ల దగ్గర్నుంచి ముసలాళ్ల దాకా అందరూ పట్టుబట్టారు. ఆ యాప్ ఉందిగా."

ఆయన ఫోన్ వైపు చూడలేదు. సూపర్‌వైజరు జేబులోంచి ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ రిటైర్మెంటు రోజుది. మీకు చెప్పకుండా రికార్డు చేశాను. డ్యూటీ దిగేముందు మైకులో ఒక్క మాటన్నారు, గుర్తుందా? 'ఇక సెలవు' అన్నారు. అది ఆ పెట్టెలో ఉండదు. మా ఇంట్లో ఉండిపోయింది. అమ్మాయి చేత అది కూడా ఎక్కించండి. అది లేకపోతే హాలుకి వీడ్కోలు ఏం చెప్పినట్టు?"

ఆయనకి గుర్తుంది. ఆ రోజు ఆ మాట అనాలని ముందుగా అనుకోలేదు. బొత్తం మీదినుంచి వేలు తీసేలోపు నోటినుంచి వచ్చేసింది. ఉద్యోగం మొత్తంలో ఎవరూ పంపకుండా, ఎవరినీ తిరిగి అడగకుండా, తన తరఫున తను పలికిన ప్రకటన అదొక్కటే.

కూతురు శనివారం వచ్చి క్యాసెట్ విని, ఆ రెండు మాటలూ యాప్‌లో చేర్చింది. కొత్త యాప్ ఫోన్‌లోకి దిగాలి. కోడ్ కొట్టడానికి ఆమె చెయ్యి చాపింది. ఆయన ఫోన్ ఇవ్వలేదు. చాలా రోజుల తర్వాత తెర మీద మాటలు ఏరడం మొదలుపెట్టాడు. పోగొట్టుకున్న వస్తువుల ప్రకటనల్లోంచి తీసుకున్నాడన్నది వాళ్లకి వింటుంటే అర్థమైంది.

"తాళంచెవి. దొరికినది. సొంతదారు. వచ్చి తీసుకోవలసిందిగా. విజ్ఞప్తి."

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురికి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

"సొంతదారునని ఎవడొచ్చి అడిగినా ఇచ్చేసేవాడివా ఏంటి?"

"గుర్తులు. చెప్పి. తీసుకోవలసిందిగా."

"అదే నాన్నా నా భయం. ఇప్పుడు దొంగలు తలుపులు పగలగొట్టట్లేదు. నీ గుర్తులన్నీ తెలుసుకునే వస్తారు. లోపలున్నవాడి చేతే గడియ తీయిస్తారు. రోజూ చూస్తున్నాను నేను."

ఆయన యాప్ పక్కన పెట్టి, ఆసుపత్రి రోజుల నాటి పలక అందుకున్నాడు. పలక మీద రాయడం ఆయనకి ఇష్టం ఉండదు, రాత మీద ఎదుటివాళ్లు వంగి చూస్తుంటే ఆసుపత్రి మంచం గుర్తొస్తుంది. అయినా రాశాడు.

'నేను నొక్కింది నమ్మి కాదు. అలవాటుపడి. నువ్వు పంపినప్పుడూ అదే ఎరుపు, దొంగ పంపినప్పుడూ అదే ఎరుపు. వచ్చే ప్రతి బస్సుకీ ప్రమాదం ప్రమాదం అని మైకులో అరిచి ఉంటే జనం నా మాట వినేవాళ్లా?'

కూతురు చదివింది. ఆయన తుడిచి మళ్లీ రాశాడు. 'నేను చేసిన తప్పు తిరిగి అడగకపోవడం. జన్మలో చేయనిది చేశాను. దానికి సిగ్గుపడుతున్నాను. అందుకని తాళం వేసుకోవాల్సింది నేను, నువ్వు కాదు.'

"సరే, మాట్లాడదాం," అంది ఆమె నెమ్మదిగా. "రేపటికి మాత్రం నన్ను తీయనివ్వు. మీ సూపర్‌వైజరు అంకుల్ కోసం."

ఆయన చాలాసేపు ఫోన్‌ని అరచేతిలో బరువు చూస్తున్నట్టు పట్టుకుని, చివరికి ఇచ్చాడు. ఆమె కోడ్ కొడుతుంటే ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. తన గొంతుకి వేసిన తాళం ఇంకొకరు తీస్తుంటే చూడటం ఆయన వల్ల కాలేదు.

*

ఆదివారం హాలు కిటకిటలాడింది. బెంచీలు సగం అప్పుడే ఊడదీశారు, నేల మీద వాటి కాళ్ల గుర్తులు తెల్లగా ఉన్నాయి. ప్రకటనల గదిలో అద్దం, నల్ల ఫోన్, మైకు మెడ అలాగే ఉన్నాయి. ఆయన తన కుర్చీలో కూర్చుని, మైకు ఎత్తుని సరిచేశాడు. అవసరం లేదు, అలవాటు. కూతురూ భార్యా గుమ్మంలో నిలబడ్డారు.

"ముందు మీరు 'ప్రయాణికులకు గమనిక' అనిపించండి గురువుగారూ," అన్నాడు సూపర్‌వైజరు. "మీ గొంతు వింటే అందరూ తలెత్తుతారు. తర్వాత కొత్త స్టేషన్ యాప్ సంగతి నేను చదివేస్తాను. స్తంభాల మీద స్టిక్కర్లున్నాయి కదా, వాటిని ఫోన్‌తో స్కాన్ చేసి దించుకోమని. ఆ తర్వాత మీ సెలవు."

అద్దంలోంచి చూస్తే స్తంభాలకి నీలం స్టిక్కర్లు కనిపిస్తున్నాయి. కొందరు అప్పటికే ఫోన్లు వాటికి ఆనించి చూస్తున్నారు.

ఆయన వేలు 'ప్రయాణికులకు' మీదికి వెళ్లి ఆగింది. అది ఆగిందని ముందు వేలికే తెలిసింది, ఆ తర్వాత ఆయనకి. ఎవరు చెప్పారు అన్నట్టు సూపర్‌వైజరు వైపు చెయ్యి తిప్పాడు.

"పై ఆఫీసు వాళ్లే అయ్యుంటారు. నేను పొద్దున వచ్చేసరికే అంటించి ఉన్నాయి."

అయ్యుంటారు. ఆ మాట విని మైకాయన నల్ల ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. పై ఆఫీసు నంబరు వెతుక్కోలేదు, వేళ్లకే కంఠతా వచ్చు. అవతల ఎవరో ఎత్తగానే సెల్‌ఫోన్‌ని రిసీవరు దగ్గర పెట్టి నొక్కాడు.

"బస్‌స్టేషన్. స్తంభాల వద్ద. ఉంచిన. వస్తువులు. సొంతదారు. ఎవరు."

అవతల్నించి ఒకావిడ గొంతు వచ్చింది. "ఇది మైకాయన గొంతు కదూ? చాలా రోజులైంది విని. ఏంటండీ, ఏం వస్తువులు?"

సూపర్‌వైజరు రిసీవరు అందుకుని వివరంగా చెప్పాడు. వింటూ ఉండగా ముఖం పాలిపోయింది. రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి, "వాళ్లేమీ అంటించలేదట. కొత్త యాప్ ఇంకా తయారే అవలేదట," అన్నాడు.

కూతురు అప్పటికే హాలులోకి వెళ్లి ఒక స్టిక్కరు ఊడబెరుక్కొచ్చింది. ఆఫీసు పనికి వాడే ఫోన్‌లో దాన్ని తెరిచి చూసి తలెత్తింది.

"అదే నాన్నా. నీ ఫోన్‌లోకి దూరిన బాపతే."

ఆయన మైకు బొత్తం నొక్కాడు. హెచ్చరిక అన్న మాట ఆయన ఉద్యోగంలో చాలా అరుదుగా వాడాడు. దాన్ని ఎప్పుడూ పైమెట్టు మీద దాచి ఉంచేవాడు, చెయ్యి చాపితే గానీ అందనంత ఎత్తున. ఇప్పుడు దాన్ని కిందికి దించాడు.

"ప్రయాణికులకు హెచ్చరిక. స్తంభాల వద్ద. అపరిచితులు. ఉంచిన. వస్తువులను. తాకరాదు. అపరిచితులు. ఇచ్చినవి. తీసుకోరాదు."

హాలులో ఒక్కసారిగా తలలు లేచాయి. స్తంభాలకి ఆనించిన ఫోన్లు వెనక్కి వచ్చాయి. ఎవరూ ఎందుకని అడగలేదు. ఒక ముసలాయన తన పక్కనున్న స్టిక్కరుని గోళ్లతో గీకి తీసేయడం అద్దంలోంచి కనిపించింది. ఆయన చేస్తున్నది చూసి మరో ఇద్దరు పక్క స్తంభం దగ్గరికి వెళ్లారు.

మైకాయన కూతురి వైపు తిరగలేదు. ఆమె అద్దానికి నుదురు ఆనించి హాలుని చూస్తోందని, ఆమె చూస్తున్నది జనాన్ని కాదు, ఒక హెచ్చరిక పనిచేయడాన్ని అని ఆయనకి తెలుస్తూనే ఉంది. వెన్ను నిటారైంది. ఈసారి దాన్ని నిటారు చేసింది ఫోన్‌లోని మధ్యవయసు వాడు కాదు. అబద్ధాన్ని ఆపింది ఇవాళ్టి చెయ్యి, గుడ్డ కప్పుకున్న గొంతుతో కుర్చీలో కూర్చున్న ఈ ముసలివాడిది. ముగ్గురూ ఒకే కుర్చీలో ఇమిడినట్టు అనిపించింది.

ఆ తర్వాత ఆఖరి బస్సు ప్రకటన పలికించాడు. ప్లాట్‌ఫారం, వేళ, గమ్యం. కాసేపు ఆగి, కొత్తగా చేరిన మాట మీద వేలు పెట్టాడు.

"ఇక సెలవు."

హాలులో చప్పట్లు కొడుతున్నారో, బస్సు తలుపులు మూస్తున్నారో అద్దం వెనక్కి సరిగా వినపడలేదు. సూపర్‌వైజరు కళ్లు తుడుచుకుంటూ, "గురువుగారూ, నేనైతే చదివేసి ఉండేవాణ్ణి," అన్నాడు.

ఆయన అతని భుజం తట్టి, నల్ల ఫోన్ వైపు వేలు చూపించాడు. చదివేవాడివి, తిరిగి అడిగాక, అని దాని అర్థం. అతనికి అర్థమైంది.

ఇంటికి వెళ్లి ముందుగదిలో కూర్చున్నాక కూతురు ఆయన ఫోన్ తీసుకుని, తన కోడ్ కొట్టి, తాళం తీసి, ఖాళీ గడులు ఆయన ముందు పెట్టింది.

"కొత్తది నువ్వే పెట్టుకో. నేను చూడను."

నిజంగానే గోడ వైపు తిరిగి నిలబడింది. భార్య కూడా ఆమె పక్కకి వెళ్లి గోడ వైపు తిరిగింది, "నేనూ చూడనులెండి, పెద్దావిడ నోట్లో ఏదీ దాగదు," అంటూ. ఆయన ఇద్దరి వీపుల్నీ కాసేపు చూసి, అంకెలు నొక్కాడు.

*

కొన్ని నెలల తర్వాత కూతురు కొత్త మాటలు చేర్చిన యాప్ పంపింది. దించబోతే ఎర్రటి గుర్తు రాలేదు. తెల్లటి తెర మీద మామూలు అక్షరాల్లో వేరే మాటలు వచ్చాయి.

'ఇది ఫోన్ స్టోర్ నుంచి వచ్చినది కాదు. దించుకోవాలో వద్దో మీ ఇష్టం. మీకు ఇది ఎవరు పంపారు? వాళ్లకి మీరే ఫోన్ చేసి అడిగారా?'

కింద బొత్తం బూడిదరంగులో ఉంది. నొక్కినా పలకదు, కాసేపు ఆగాకే రంగు వస్తుంది. ఆ ఆగడంలో మనిషికి ఒక ఫోన్ చేసేంత వ్యవధి ఉంది. ఆయన ఆ వాక్యాన్ని మళ్లీ చదివాడు. ఇంకోసారి చదివాడు. తన ప్రకటనల గదిని ఎవరో జాగ్రత్తగా విప్పి, లెక్కలేనన్ని ఫోన్లలో మళ్లీ కట్టినట్టుంది.

పంపింది కూతురేనని తెలుసు. నంబరు ఆమెదే. అయినా లేచి వెళ్లి ల్యాండ్‌లైన్ ఎత్తి, ఆమె నంబరు తిప్పి, సెల్‌ఫోన్‌ని రిసీవరు దగ్గర పెట్టాడు.

"ప్రకటనల గది. గమనిక. చిన్నారి. పంపినది. నిజమేనా."

అవతల ఏదో మీటింగు నడుస్తున్నట్టుంది. చాలామంది గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. కూతురు ఫోన్‌కి కాకుండా పక్కనున్న వాళ్లతో అంటున్న మాటలు దూరంగా వినిపించాయి.

"ఈయనే. నేను చెప్పానే, మా నాన్న. వినండి, స్పీకర్లో పెట్టాను."

తర్వాత దగ్గరగా వచ్చి అంది. "నేనే పంపాను నాన్నా. పోయినసారి నువ్వు అడిగిన మాట కూడా చేర్చాను."

"గుర్తులు," అని పలికించాడు ఆయన. "చెప్పి."

గదిలో ఎవరో నవ్వారు. కూతురు నవ్వలేదు.

"పసుపు గౌను," అంది.

ఆయన రిసీవరు పెట్టేశాడు. బొత్తానికి అప్పటికే రంగు వచ్చి ఉంది. కోడ్ కొట్టి, దాన్ని నొక్కాడు. కొత్త యాప్‌లో ఆమె చేర్చిన మాటని వెతికి పట్టుకుని, వంటింటి వైపు తిరిగి కూర్చున్నాడు. ఏ క్యాసెట్లోంచి, ఎన్ని ముక్కలు అతికించి తెచ్చిందో గానీ, అది ఆయన గొంతే, భార్య పేరు పలికింది.

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.